అప్పూ నీతీ: ‘యజ్ఞం’ కథ ముందు నీతిశాస్త్రం

కథలో ఒక పాత్ర చేసిన పని తప్పా ఒప్పా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మన విమర్శకులు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. నీతి అంటే పాలకవర్గాల నీతే కదా అని ప్రశ్నను పక్కకు నెట్టేస్తారు. లేదా ఆ పాత్ర పీడితుల పక్షాన ఉంటే ఒప్పు, లేకపోతే తప్పు అని తీర్పు చెప్పేస్తారు. ఒకే వ్యాసంలో రెండూ చేసినవాళ్లు కూడా ఉన్నారు. నీతి మొత్తం వర్గనీతే అయితే, దాన్ని మించిన కొలత ఏదీ లేకపోతే, దోపిడీ తప్పు అనే హక్కు మనకెక్కడిది? అప్పుడు మనం అనగలిగింది ఒకటే: దోపిడీ తప్పని కాదు, చరిత్రలో దాని కాలం చెల్లుతుందని. ప్రగతిశీల సాహిత్యంలో ఏ కథా ఆ స్వరంతో రాసింది కాదు. మన కథలన్నిటి వెనకా కోపం ఉంది. ఆ కోపం ఏ ఆధారం మీద నిలబడిందో చెప్పుకోవలసిన బాధ్యత విమర్శకుడిది.

మన సాహిత్య విద్యార్థులు రసమూ ధ్వనీ చదువుకుంటారు, ఆధునిక విమర్శ పద్ధతులు చదువుకుంటారు. నీతిశాస్త్రం మాత్రం తత్వశాస్త్ర శాఖవాళ్ల సొత్తుగా మిగిలిపోయింది. దాని శాఖలనూ సిద్ధాంతాలనూ పాఠ్యపుస్తకం వరసలో అప్పజెప్పడం వల్ల రచయితలకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఒక కథనూ ఒక ప్రశ్ననూ ముందు పెట్టుకుని, ఏ సిద్ధాంతం ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూడటం మేలు. కథ కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’. ప్రశ్న, అప్పు తీర్చి తీరాలా అన్నది.

1960లలో వచ్చిన ఈ కథ మీద జరిగినంత చర్చ తెలుగులో బహుకొద్ది కథల మీద జరిగింది. సుందరపాలెం అనే ఊరు. షావుకారు గోపన్నకు దళిత రైతు అప్పల్రాముడు ఏళ్ల తరబడి బాకీ. తగువు పంచాయితీకి వస్తుంది. తీర్పరి శ్రీరాములు నాయుడు గాంధేయవాది, ఊరికి రోడ్డూ బడీ తెచ్చిన పెద్దమనిషి. వాదనలు సాగిసాగి చివరికి అప్పల్రాముడు పొలం వదులుకుని అప్పు తీర్చడానికి ఒప్పుకుంటాడు. పెద్దకొడుకు సీతారాముడు ఒప్పుకోడు. భూమి పోతే తన కొడుక్కి మిగిలేది పాలేరుతనం, ఉత్తరాంధ్ర భాషలో కంబారితనం. వాడు తన పసికొడుకును తన చేతులతోనే చంపి పంచాయితీ ముందుకు తెస్తాడు.

ఈ కథలో దుర్మార్గుడు లేడు. గోపన్న రక్తం పీల్చే జలగ కాదు, చితికిపోతున్న వ్యాపారి. నాయుడు లంచగొండి కాదు. అప్పల్రాముడు అప్పు ఎగ్గొట్టాలనుకునేవాడు కాదు. అందరూ ధర్మం మాట్లాడుతున్నారు, ఎవరి ధర్మంలో వాళ్లు నిజాయితీగానే ఉన్నారు. ఫలితం ఒక పసిబిడ్డ శవం. నీతిశాస్త్రానికి ఇంతకన్నా కఠినమైన పరీక్షపత్రం తెలుగులో నాకు కనిపించలేదు.

ముందు మాటల సంగతి. మన భాషలో ఈ విషయానికి మూడు మాటలున్నాయి: నీతి, ధర్మం, న్యాయం. మూడూ ఒకటి కావు. 1853లో వచ్చిన చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ తెరిచి చూస్తే అందులో నీతి అంటే మిత్రుల్ని సంపాదించడం, మిత్రుల మధ్య భేదం పుట్టించడం. అది లోకజ్ఞత, రాజనీతి. ధర్మం అన్న మాటలో అందరికీ సమానమైన సత్యం, అహింసలాంటివీ ఉన్నాయి, పుట్టుకను బట్టి నెత్తికెక్కే వర్ణధర్మమూ ఉంది. మొదటిదాని గౌరవం రెండోదానికి అరువిచ్చి బతికించడం మన సంప్రదాయంలో చాలాకాలంగా సాగుతున్న వ్యాపారం. న్యాయం అన్న మాట ఇప్పుడు కోర్టు మెట్లెక్కింది. పంచాయితీలో పెద్దలు ‘ధర్మం’ అన్నప్పుడు ఈ మూడూ కలిసి వినబడతాయి, ఆ కలగాపులగంలోనే వాళ్ల బలం ఉంది.

నీతిశాస్త్రం చేసే మొదటి మేలు ఈ చిక్కుముడిని విప్పడం. ఏ సమాజం దేన్ని తప్పంటుందో నమోదు చేయడం ఒక పని. అది వర్ణన, సామాజిక శాస్త్రజ్ఞులూ చేస్తారు. నిజంగా ఏది తప్పు, ఎందుకు తప్పు అని ప్రమాణాలు వెతకడం రెండో పని. పాఠ్యపుస్తకాలు దీన్ని ప్రమాణ నీతిశాస్త్రం అంటాయి. ఆ ప్రమాణాలను వైద్యం, యుద్ధం, ఆకలి, అప్పులాంటి ప్రత్యేక సమస్యలకు పెట్టి చూడటం అనువర్తన. వీటన్నిటికీ వెనక, అసలు ‘తప్పు’ అన్న మాటకు అర్థమేమిటి, అది లోకంలో ఉన్న సంగతిని చెబుతోందా, మన ఇష్టాయిష్టాలనే వెళ్లబోస్తోందా అని అడిగేది మరొకటి. దాన్ని అధినీతిశాస్త్రం అనుకుందాం. మన విమర్శలో గందరగోళం చాలావరకు మొదటి పనిని రెండో పనిగా పొరబడటం వల్ల వచ్చిందే. ‘ఇది భూస్వామ్య నీతి’ అనడం వర్ణన. అది తప్పుడు నీతి అని చెప్పాలంటే ఇంకో అడుగు వేయాలి.

పాశ్చాత్య నీతిచర్చలో అతి ప్రసిద్ధమైన గ్రంథాల్లో ఒకటి అప్పుతోనే మొదలవుతుంది. ప్లేటో ‘రిపబ్లిక్’ మొదటి భాగంలో కెఫాలస్ అనే ముసలి ధనవంతుడు, డబ్బు వల్ల పెద్ద లాభమేమిటంటే దేవుడికి మొక్కులూ మనుషులకు డబ్బూ బాకీ పడకుండా చనిపోవచ్చు అంటాడు. నిజం చెప్పడం, తీసుకున్నది తిరిగివ్వడం ఇదే న్యాయమా అని సోక్రటీసు అడ్డం తిరుగుతాడు. మతి స్థిమితంగా ఉన్నప్పుడు ఆయుధం దాచమని ఇచ్చిన స్నేహితుడు పిచ్చెక్కిన తరువాత వచ్చి అడిగితే ఇచ్చేస్తావా? ఇవ్వకూడదని అందరూ ఒప్పుకుంటారు. అంటే బాకీ తీర్చడమే న్యాయమన్న సూత్రం అక్కడే కూలిపోయింది. ముసలాయన వాదనను కొడుక్కి అప్పగించి పూజకని లేచిపోతాడు. వాదన కూడా వారసత్వంగానే సంక్రమించింది.

మన దగ్గర అప్పు ఇంకా లోతుకు వెళ్లింది. పుట్టిన మనిషి దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు ఋణపడి పుడతాడని వైదిక సంప్రదాయం. పితృఋణం తీరేది కొడుకును కనడం వల్ల. ఇది బ్రాహ్మణుడి గురించి చెప్పిన మాటే గాని, పుట్టుకే అప్పు అన్న భావం జాతి మొత్తంలో ఇంకిపోయింది. హరిశ్చంద్రుడు విశ్వామిత్రుడి బాకీ తీర్చడానికి భార్యనూ కొడుకునూ అమ్మేస్తాడు. మన పల్లెల్లో ఆ నాటకాన్ని తెల్లవార్లూ చూసి కళ్లు తుడుచుకోని తరం లేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం గురించి విమర్శకులు పద్యాల సొంపు చెబుతారు, కాటిసీను చెబుతారు. అమ్ముడుపోయిన లోహితాస్యుణ్ణి ఎవరైనా సమ్మతి అడిగారా అని అడిగిన విమర్శ నా కళ్లబడలేదు. ‘యజ్ఞం’ చదివినప్పుడు తలకిందులైన హరిశ్చంద్రోపాఖ్యానం కనిపిస్తుంది. అక్కడ తండ్రి అప్పు తీర్చడానికి కొడుకును అమ్మాడు, ఇక్కడ కొడుకు అమ్ముడుపోకూడదని తండ్రి చంపాడు.

మనుస్మృతి ఈ విషయంలో దాపరికం లేకుండా మాట్లాడుతుంది. ఎనిమిదో అధ్యాయంలో నెలకు నూటికి రెండు, మూడు, నాలుగు, అయిదు చొప్పున వర్ణాల వరసలో వడ్డీ చెప్పింది. బ్రాహ్మణుడికి రెండు, శూద్రుడికి అయిదు. అప్పు తీర్చలేనివాడు సమాన వర్ణుడో తక్కువ వర్ణుడో అయితే చాకిరీతో తీర్చాలి, పై వర్ణంవాడైతే మెల్లమెల్లగా ఇచ్చుకోవచ్చు. కాబట్టి ‘అప్పు తీర్చడం ధర్మం’ అన్న వాక్యం మన సమాజంలో ఎన్నడూ ఒక్క వాక్యం కాదు. ఎవరు ఎవరికి బాకీ అన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతూ వచ్చింది.

ఇక ఆధునిక సిద్ధాంతాలకు వద్దాం. వీటిలో కర్తవ్యవాదానికి పెద్ద పేరు కాంట్. 1785 నాటి తన నీతి గ్రంథంలో ఆయన తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి మళ్లీ అప్పే. తీర్చలేనని తెలిసీ తీరుస్తానని మాటిచ్చి అప్పు తీసుకోవచ్చా? ఆ పనిని అందరికీ వర్తించే నియమంగా చేసి చూడమంటాడు కాంట్. అందరూ అలా చేస్తే మాటకు విలువే ఉండదు, అప్పే పుట్టదు. నియమం తనను తానే తినేస్తుంది. అందుకని అది తప్పు. ఈ పరీక్షలో అప్పల్రాముడు నెగ్గుతాడు. అతను మోసంతో తీసుకోలేదు, ఎగవేత కోరలేదు. నాయుడూ ఈ పరీక్షే పెట్టి, తీసుకున్నది తీర్చాలి కదా అంటాడు. అక్కడితో ఆగితే కాంట్ షావుకార్ల తత్వవేత్త అయిపోతాడు. మనవాళ్లలో చాలామంది అలాగే కొట్టిపారేశారు కూడా. కాని ఆయనే, ఏ మనిషినీ కేవలం సాధనంగా వాడుకోరాదు, ప్రతి మనిషీ తనంతట తాను ఒక లక్ష్యం అన్నాడు. పైగా మాట కట్టేది మాటిచ్చినవాడిని. సీతారాముడు మాటివ్వలేదు. వాడి కొడుక్కి మాటే రాదు. తాత చేసిన వాగ్దానం మనవడి వెట్టిచాకిరీ అయ్యే చోట కాంట్ మొదటి సూత్రం నాయుడి పక్షాన, రెండో సూత్రం సీతారాముడి పక్షాన నిలబడతాయి.

ఇక్కడొక పక్కమాట. శ్రీరాములు నాయుడు, అప్పల్రాముడు, సీతారాముడు, ముగ్గురి పేర్లలోనూ రాముడున్నాడు. దశరథుడు కైకకు బాకీ పడిన రెండు వరాలను తీర్చినవాడు రాముడు. తండ్రి మాటను వారసత్వపు అప్పుగా తలకెత్తుకున్నందుకే మనకు ఆదర్శపురుషుడయ్యాడు. రచయిత తలపెట్టాడో లేదో గాని, ఈ కథలో ఆ పేరున్న కొడుకు తండ్రి మాట తనది కాదన్నాడు.

ఉపయోగితావాదం ఇంకో దారి పట్టింది. పని మంచిచెడ్డలు ఫలితాన్ని బట్టి నిర్ణయించాలి, ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలగాలి అంటుంది. బెంథామ్ 1789 గ్రంథం దీనికి మూలం, మిల్ దాన్ని మెరుగుపెట్టాడు. అప్పుకు సంబంధించి బెంథామ్ అంతకు రెండేళ్ల ముందే, 1787లో, వడ్డీని సమర్థిస్తూ ఒక పుస్తకం రాశాడు. వయసొచ్చి, బుద్ధి ఉండి, తెలిసి అప్పు చేసేవాణ్ణి ఇంతకు మించి వడ్డీ ఇవ్వొద్దని చట్టం ఎందుకు ఆపాలి అని వాదన. భారతదేశంలో బ్రిటిషు ప్రభుత్వం 1855లో వడ్డీపై పరిమితుల చట్టాలను రద్దు చేసింది. ఇరవయ్యేళ్లకు, 1875లో, పూనా, అహమద్‌నగర్ జిల్లాల్లో రైతులు షావుకార్ల మీద తిరగబడి అప్పు పత్రాలు లాక్కుని తగలబెట్టారు. 1879లో దక్కను రైతుల ఉపశమన చట్టం వచ్చింది. ఈ అల్లరికంతా బెంథామే కారణమనడం అన్యాయం. భూమిశిస్తూ, పత్తి ధరల పతనమూ ఉన్నాయి. కాని ఫలితాన్ని బట్టి నీతి అన్నవాడి సిద్ధాంతాన్ని దాని ఫలితాన్ని బట్టే చూడటం అన్యాయం కాదు. ఆకలిగొన్నవాడి ‘తెలిసి ఒప్పుకోవడం’ ఎలాంటి ఒప్పుకోలో లండన్ లెక్కకు అందలేదు.

సుందరపాలెంలో ఉపయోగితావాది నాయుడే. ఊరు బాగుపడింది, రోడ్డొచ్చింది, బడొచ్చింది అని మొత్తం కూడి చూపిస్తాడు. అప్పల్రాముడు ఆ మొత్తాన్ని విడగొట్టి, ఇందులో మాకొచ్చిందేమిటి, మా దగ్గర్నుంచి పోయిందేమిటి అని లెక్క చెబుతాడు. తత్వశాస్త్రంలో ఉపయోగితావాదం మీద ఉన్న ప్రధానమైన ఆక్షేపణ ఇదే. కూడిక చేసినప్పుడు ఎవరి బాధ ఎవరి సుఖంలో కలిసిపోయిందో కనబడదు. జాన్ రాల్స్ 1971లో ఇదే ఆక్షేపణతో తన న్యాయ సిద్ధాంతాన్ని కట్టాడు. నువ్వు ఏ ఇంట పుడతావో తెలియకుండా సమాజపు నియమాలను ఎన్నుకోవలసి వస్తే ఎలాంటివి ఎన్నుకుంటావు? నాయుడిని ఈ ప్రశ్న అడిగినవాళ్లు పంచాయితీలో లేరు. అతను తన ఇంట్లోనే పుట్టానని తెలిసి తీర్పు చెప్పాడు.

సద్గుణవాదం గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన కథల్లో ఎక్కువభాగం తెలియకుండానే దీని మీద నడుస్తాయి. ఏ పని సరైనది అని కాక, ఎలాంటి మనిషి మంచివాడు అని అడగమంటాడు అరిస్టాటిల్. ఈ ధోరణి చాలాకాలం మరుగున పడి, 1958లో ఎలిజబెత్ ఆన్స్‌కోమ్ రాసిన వ్యాసంతోనూ, 1981లో మెకింటైర్ గ్రంథంతోనూ మళ్లీ తలెత్తింది. వడ్డీని ప్రకృతి విరుద్ధమన్నది అరిస్టాటిలే, బానిసను ఊపిరున్న పనిముట్టు అన్నదీ ఆయనే. రెండూ ఒకే గ్రంథంలో ఉన్నాయి. మనవైపు, భూస్వామి క్రూరుడు, కూలివాడు కరుణామయుడు అని రాసే కథ సద్గుణవాద కథే. దుర్గుణం వల్ల అన్యాయం పుట్టిందని అది చెబుతుంది. భూస్వామి మారితే, చస్తే, సమస్య తీరుతుందన్న ధ్వని అందులో ఉంటుంది. కారా మాస్టారు ఆ మెట్టు దాటారు. నాయుడు ఎంత మంచివాడైతే కథ అంత భయంకరమవుతుంది. మంచివాళ్లందరూ కలిసి ధర్మబద్ధంగా ఒక కుటుంబాన్ని పాలేరుతనంలోకి నెట్టగలిగితే, చూడవలసింది గుణాలను కాదు, వాళ్లు కూర్చున్న ఏర్పాటును.

ఈ ఏర్పాటు ప్రశ్నను అధినీతిశాస్త్రం అనుకోకుండా ముట్టుకుంది. ‘ఉన్నది’ నుంచి ‘ఉండాలి’ని లాగలేమని హ్యూమ్ పద్ధెనిమిదో శతాబ్దంలో అన్నాడు. తప్పొప్పుల మాటలు వాస్తవాలు చెప్పవు, మన ఉద్వేగాలను వెళ్లగక్కుతాయి అని ఏయర్ 1936లో అన్నాడు. ఆయన లెక్కన నాయుడి తీర్పు ఒక ‘శభాష్’, సీతారాముడి పని ఒక ‘ఛీ’. ఇద్దరి మధ్యా వాదన అనేదే లేదు. పంచాయితీలో గంటల తరబడి సాగిన తర్కాన్ని ఈ సిద్ధాంతం వివరించలేదు. 1964లో జాన్ సెర్ల్ ఒక వ్యాసంలో హ్యూమ్‌కు జవాబు చెప్పబోయాడు. ఒకడు ‘నీకు అయిదు డాలర్లు ఇస్తానని మాటిస్తున్నాను’ అన్నాడు. అది వాస్తవం. అలా అన్నాడు కనుక మాటిచ్చాడు, మాటిచ్చాడు కనుక బాధ్యుడు, బాధ్యుడు కనుక ఇవ్వాలి. ‘ఉన్నది’ నుంచి ‘ఉండాలి’ వచ్చేసింది! విమర్శకులు వెంటనే పట్టుకున్నారు. వాగ్దానం అనే వ్యవస్థను నువ్వు ముందే అంగీకరించి లోపల నిలబడితేనే ఈ లెక్క కుదురుతుంది కదా అన్నారు. అప్పల్రాముడు ఆ వ్యవస్థ లోపల ఉన్నాడు, కనుక లొంగిపోయాడు. అప్పు అన్న మాటను ఒప్పుకున్న క్షణంలోనే తీర్చాలన్న మాటనూ ఒప్పుకున్నాడు. సీతారాముడు గడప దాటాడు. పంచాయితీ వాడితో వాదించలేకపోయింది, వాడూ పంచాయితీతో వాదించలేకపోయాడు. కథ ముగింపులో మాటకు బదులు శవం వచ్చిందంటే నాకు తోచే కారణం ఇది.

ఇప్పుడు మన ఇంటి గొడవ. మార్క్స్ 1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ ‘న్యాయమైన పంపిణీ’ అన్న నినాదాన్ని ఎగతాళి చేశాడు. ఇప్పటి పంపిణీ న్యాయమైనదేనని బూర్జువాలు అనడం లేదా, ఇప్పటి ఉత్పత్తి విధానం మీద నిలబడి చూస్తే అదొక్కటే న్యాయమైనది కాదా అని అడిగాడు. ఎంగెల్స్ ‘యాంటీ డ్యూరింగ్’లో ఇప్పటిదాకా ఉన్న నీతి వర్గనీతే అన్నాడు. వీటిని పట్టుకుని, మార్క్స్ దృష్టిలో పెట్టుబడిదారీ విధానం అసలు అన్యాయమే కాదని అలెన్ వుడ్ 1972లో వాదించాడు. మరి అదే మార్క్స్ ‘పెట్టుబడి’లో దోపిడీని దొంగతనం, కొల్లగొట్టడం అన్న మాటలతో ఎందుకు వర్ణించాడని ఎదురువాదులు అడిగారు. అన్యాయం కాని దొంగతనం ఉంటుందా? ఈ చర్చ మన పత్రికల్లో రావలసినంత రాలేదు. ఎంగెల్స్ మాటలో మొదటి సగాన్ని మనం అదేపనిగా వాడుకున్నాం. వర్గ వైరుధ్యాలను దాటి, వాటి జ్ఞాపకాన్ని కూడా దాటిన తరువాత నిజమైన మానవనీతి సాధ్యమవుతుందన్న రెండో సగాన్ని వదిలేశాం. నీతిలో పురోగతి ఉందనీ ఆయన అదే చోట ఒప్పుకున్నాడు. పురోగతి ఉందంటే కొలత ఉన్నట్టే.

ఆ కొలతను మన నేల మీద వెతికినవాడు అంబేద్కర్. 1936లో ‘కుల నిర్మూలన’లో నియమాలకూ సూత్రాలకూ మధ్య గీత గీశాడు. నియమం ఇలా చెయ్యి అని చెబుతుంది, వంట చెప్పినట్టు. సూత్రం ఎలా తేల్చుకోవాలో చెప్పి, తేల్చుకునే బాధ్యత మనిషికి వదులుతుంది. మన ధర్మం నియమాల మూట తప్ప సూత్రం కాదని, కులం నీతిని కులం గడపలోపల కట్టేసిందని ఆయన ఆరోపణ. ‘అప్పు తీర్చాలి’ నియమం. ‘మనిషిని మనిషికి తాకట్టు పెట్టరాదు’ సూత్రం. సుందరపాలెం పంచాయితీ మొదటిదానితో మొదలుపెట్టి మొదటిదానితోనే ముగించింది. కథ వచ్చిన తరువాత, 1976లో, వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. వారసత్వంగా సంక్రమించిన బాధ్యత వల్లగాని, ఒక కులంలో పుట్టినందువల్లగాని చేసే చాకిరీ కూడా దాని నిర్వచనంలో ఉంది. అలాంటి అప్పు తీర్చే బాధ్యత రద్దయిందని అందులో స్పష్టంగా రాశారు. పంచాయితీకి తోచని సూత్రం పార్లమెంటుకు తోచింది. అమలు సంగతి వేరే వ్యాసం.

చివరగా ఆ పసివాడు. ‘యజ్ఞం’ ముగింపును సమర్థించినవాళ్లు అది ప్రతీక అన్నారు, తిరుగుబాటు అన్నారు. తప్పుపట్టినవాళ్లు అది నిరాశ అన్నారు, చంపవలసినవాణ్ణి చంపలేదన్నారు. రెండు పక్షాలూ బిడ్డను సాధనంగానే చూశాయి, ఒకరు కథకు, మరొకరు పోరాటానికి. సీతారాముడు చేసింది ఒప్పు కాదు. వాడి కొడుకు బతుకు వాడి సొత్తు కాదు, గోపన్న సొత్తు కానట్టే. తన కొడుకు తరఫున తాత మాటివ్వరాదన్నవాడు అదే కొడుకు తరఫున చావును ఎన్నుకున్నాడు. దీన్ని దాచి, పీడితుడు గనుక ఒప్పు అనడం కథకు చేసే మేలు కాదు. అలాగని నాయుడికి వాణ్ణి తీర్పు తీర్చే అర్హత ఉందా అంటే, లేదు. వాడి ముందు మిగిలిన దారులను ఒక్కొక్కటిగా మూసినవాళ్లలో అతనొకడు, అది కూడా ధర్మం పేరుతో. పని తప్పు అనడం ఒకటి, ఆ తప్పుకు బాధ్యులెవరో తేల్చడం ఇంకొకటి, ఎవరు ఎవరికి తీర్పు చెప్పగలరన్నది మూడోది. మన విమర్శ మూడింటినీ ఒకే ప్రశ్నగా చూసింది. రామారావు వాటిని విడివిడిగానే రాశారు. పంచాయితీ జనం నోరు తెరవలేని ఆ చివరి ఘట్టాన్ని ఈ మూడు ప్రశ్నలతో ఒకసారి మళ్లీ చదివితే, ఇంతకాలం ఎవరి నోటికి ఏ మాట పెట్టి చదివామో తెలుస్తుంది.